బెలుం గుహలకు ఒకరోజు ప్యాకేజీ: గుహకు అయిదు చుక్కలు, ప్యాకేజీకి రెండు

డిసెంబరులో కర్నూలులోని అత్తవారింటికి వెళ్ళినప్పుడు, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి భూగోళం పాఠంలో వచ్చిన సున్నపురాతి గుహలను కళ్ళారా చూపించాలని ఒక ట్రావెల్స్ వారి దగ్గర ఒకరోజు ప్యాకేజీ మాట్లాడుకొన్నాను. ఏడుగురు పట్టే కారు, డ్రైవరు బత్తా, టోల్ అన్నీ కలిపి 6,500 రూపాయలు. ఉదయం ఆరింటికి బయలుదేరి యాగంటి, బెలుం గుహలు, గండికోట చూపించి రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటి దగ్గర దించుతామన్నారు. వినడానికి మూడు చోట్లూ ఒకే దారిలో ఉన్నట్టే అనిపించింది. అదే దారిలో వెళ్ళాలనుకొనేవారు ఏమి ఆశించవచ్చో, ఏమి మార్చుకొంటే రోజు కలిసివస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

కారు శుభ్రంగా ఉంది, చెప్పిన వేళకు అయిదు నిమిషాల ముందే గుమ్మంలోకి వచ్చింది. డ్రైవరు నిదానస్తుడు, బండి నడపడంలో వంక పెట్టడానికేమీ లేదు. పాణ్యం మీదుగా బనగానపల్లె చేరేసరికి బాగా తెల్లవారింది. అక్కడ ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. నానబెట్టి పిండిన బొరుగులు ముద్ద కట్టకుండా, పుట్నాలపొడి ప్రతి గింజకూ అంటేలా కలపడం అందరికీ వచ్చే విద్య కాదు. ఆ హోటలాయనకు అది వచ్చు. పొడుగు మిరపకాయ బజ్జీని చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి ఇచ్చాడు. మొత్తం రోజులో ప్యాకేజీ వారి ప్రమేయం లేకుండా జరిగిన మంచి ఇదొక్కటే అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

యాగంటిలో ఉమామహేశ్వరుని దర్శనం, కొండలోంచి ఎడతెగక వచ్చే నీటితో నిండిన పుష్కరిణి, పెరుగుతున్నాడని జనం నమ్మే నంది, మెట్లెక్కి వెళ్ళే వేంకటేశ్వర, అగస్త్య గుహలు అన్నీ చూసి బయటపడేసరికి పదింపావు అయింది. యాగంటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఉదయపు చల్లని వేళనంతా అక్కడ ఖర్చు చేసి, జనం కిక్కిరిసే మధ్యాహ్నానికి గుహలోకి దింపడం ఈ ప్యాకేజీలోని మొదటి తప్పు. మేము బెలుం చేరేటప్పటికి పదకొండున్నర దాటింది. అది శనివారం, పైగా డిసెంబరు బడిపిల్లల విహారయాత్రల నెల కావడంతో ప్రాంగణంలో అప్పటికే నాలుగు బస్సులు నిలబడి ఉన్నాయి.

దారిలో కొలిమిగుండ్ల వైపు కనిపించే దృశ్యం గురించి ఒక మాట చెప్పాలి. బల్లపరుపు నేల, అక్కడక్కడా నాపరాతి గనులు, రోడ్డు పక్కన పేర్చిన బండలు, పాలిష్ ఫ్యాక్టరీల ముందు ఆరిన తెల్లటి రాతిపిండి, పొలాల గట్ల మీద కంచెకు బదులు నిలువుగా పాతిన పలకలు కనిపిస్తాయి. గుహలంటే కొండలుంటాయని ఊహించుకొన్న మా అమ్మాయి, ఇక్కడ కొండే లేదు కదా నాన్నా అని నిరాశపడింది. బెలుం ప్రత్యేకత అదే. కొండలోకి నడిచి వెళ్ళే గుహ కాదిది, చదును పొలం మధ్య నేల కుంగి ఏర్పడిన గుంతలోంచి కిందికి దిగే గుహ. బిలం అన్న మాటే బెలుం అయిందంటారు. స్లొవేనియాలోని ఒక సున్నపురాతి పీఠభూమి పేరు మీద ఇలాంటి నేలలను ప్రపంచమంతా కార్స్ట్ అని పిలుస్తున్నది కానీ, మన రైతు వాటిని గుర్తించేది మడిలో నిలవాల్సిన వాననీరు ఎటో ఇంకిపోయినప్పుడే.

గుహను తొలిచే పనిని నడిపేది కూడా ఆ వాననీరే. గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడును కలుపుకొని కాస్త ఆమ్లగుణం తెచ్చుకొన్న నీరు రాతి పగుళ్ళలోకి దిగి, సున్నాన్ని కరిగించుకొంటూ పోతుంది. లక్షల ఏళ్ళు ఆ పని సాగితే పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది. నీటిమట్టం పడిపోయిన తరువాత ఖాళీ అయిన సొరంగం పైకప్పు నుంచి బొట్టు బొట్టుగా కారే నీరు, తనలోని వాయువును విడిచిపెడుతూ, మోసుకొచ్చిన సున్నాన్ని అక్కడే వదిలి పైన ఊడలను, కింద మొలకలను కడుతుంది. ఈ రెండో పని బెలుంలో కొన్నిచోట్లే ఎక్కువగా కనిపిస్తుంది. మిగతా గుహ అంతా మొదటి పనికి సాక్ష్యం. కనుక బొర్రా గుహల్లోని విశాలమైన మండపాలను, బరువైన ఊడలను చూసి అలాంటివే ఇక్కడ కావాలనుకొని రావద్దు. బొర్రా ఒక పెద్ద హాలు వంటిదైతే, బెలుం ఒక ఊరి సందుగొందుల వంటిది.

బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహను గుర్తించి నమోదు చేసినా, ఆ తరువాత వందేళ్ళపాటు దీన్ని పట్టించుకొన్నవారు లేరు. 1982, 83లలో డేనియల్ గెబవర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. ఊరి చెత్త పోసే గుంతగా కూడా వాడుకొన్న ఈ చోటును స్థానికుల చొరవతో బాగుచేశారు. రాష్ట్ర పర్యాటక సంస్థ దారులు, దీపాలు వేసి 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు కాగా, అందులో మనం నడవగలిగింది ఒకటిన్నర కిలోమీటరు. పోనూ రానూ నడక, మెట్లు, వంగి దాటే సందులు అన్నీ లెక్కలోకి తీసుకొంటే ఇది రెండున్నర గంటల పని. ప్యాకేజీ కాగితంలో బెలుంకు కేటాయించిన సమయం ఒక గంట.

మెట్లు దిగుతుంటే మొదట దిగుడుబావిలోకి దిగుతున్నట్టు ఉంటుంది. గుండ్రటి గుంత, తలెత్తితే ఆకాశపు ముక్క, అడుగున చీకటి నోరు. పది అడుగులు లోపలికి వేశామో లేదో వెచ్చటి చెమ్మగాలి ముఖానికి తగిలింది. బయట స్వెట్టరు వేసుకొని వచ్చిన మామగారు దాన్ని విప్పి భుజాన వేసుకొన్నారు. గొట్టాల ద్వారా బయటి గాలిని లోపలికి పంపుతున్నారు కాబట్టి ఆ గొట్టాల దగ్గర హాయిగా ఉంటుంది, అవి దాటితే మళ్ళీ ఉక్క. చలికాలమైనా నూలు బట్టలే కట్టుకోవాలి, మంచినీళ్ళు వెంట ఉంచుకోవాలి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు కోటిలింగాలు అని పిలిచే లోపలి భాగం దాకా కూడా వెళ్ళాలని పట్టుబట్టకపోవడం మంచిది.

గుహ లోపల సింహద్వారం అని పిలిచే రాతి కమాను దాటిన తరువాత ఒక మలుపులో మామగారు ఆగిపోయారు. ఇల్లు కట్టినప్పుడు బేతంచర్ల వెళ్ళి బండలను తానే ఎంచి, లారీ ఎక్కించి తెచ్చుకొన్న మనిషాయన. పసుపుపచ్చ దీపం కింద గోడను అరచేత్తో నిమిరి, వేలితో ఒక తెల్లటి చారను చూపించి, "ఇది మన వసారా బండే కదా నాయనా!" అన్నారు. నిజమే. అదే నల్లనీలం రాయి, అదే సన్నటి తెల్ల గీత, పొర మీద పొర పేర్చిన అదే అమరిక. తేడా ఒక్కటే, వసారాలో మరపట్టి నునుపు చేసిన రాయిని ఇక్కడ నీరు నునుపు చేసింది. గోడల మీద బొటనవేలితో వరసగా నొక్కినట్టు గుంటలు గుంటలుగా ఉన్నాయి, ఆ గుంటలన్నీ ఒకే దిక్కుకు ఒరిగి ఉన్నాయి. ఒకప్పుడు నీరు ఎటు పారిందో వాటిని చూసి చెప్పవచ్చని మా గైడ్ మా అమ్మాయికి వివరించాడు. ఆ తరువాత ప్రతి మలుపులోనూ ఆ పిల్ల గోడను తడుముతూ నీటి దారిని చెబుతూ నడిచింది. పుస్తకంలో రెండు పేరాల పాఠానికి ఇంతకన్నా మంచి ట్యూషన్ దొరకదు.

గైడ్ గురించి చెప్పి తీరాలి. ఇతను ప్యాకేజీ మనిషి కాదు, అక్కడే మాట్లాడుకొన్నాం. ఆకారాలకు పేర్లు చెప్పి చప్పట్లు కొట్టించుకొని ముందుకు తోసేసే రకం కాదు. సప్తస్వరాల గుహలో వేలాడే రాతి ఊడను వేలి కణుపుతో సుతారంగా మీటి, "పాపా, చెవి దగ్గర పెట్టి విను" అన్నాడు. కంచు గిన్నె అంచును తట్టినట్టు సన్నటి నాదం వచ్చింది. మా వెనుక వచ్చిన గుంపులో ఒకతను బండరాయితో కొట్టబోతే, గట్టిగా కసిరి ఆపాడు. మర్రిచెట్టు అని పిలిచే చోట పైకప్పు నుంచి దిగిన ఊడలు నిజంగానే మర్రి ఊడలను తలపిస్తాయి. వేయి పడగల దగ్గర పైకి చూసి నడిస్తే తల తగులుతుంది, మాలో ఇద్దరికి తగిలింది. ధ్యానమందిరంలో దిండు ఆకారంలో ఉన్న రాయిని బౌద్ధ భిక్షువుల పడకగా చెబుతారు. ఈ గుహల్లో బౌద్ధుల ఆనవాళ్ళు దొరికాయి కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం.

చివరిగా పాతాళగంగ. ఇరుకు మెట్లు దిగి, గుహలో అన్నిటికన్నా లోతైన ఆ చోటికి చేరితే, సన్నటి ధార ఒకటి రాతి కిందికి మాయమవుతూ కనిపిస్తుంది. దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావికి ఆ నీరే చేరుతుందని స్థానికుల నమ్మకం. ఇన్ని లక్షల ఏళ్ళ పని చేసిన నీరు ఇంతేనా అనిపించేటంత చిన్న ధార అది. అక్కడ పది నిమిషాలు మాట లేకుండా కూర్చోవాలనిపించింది. కానీ వెనుక బడిపిల్లల వరస, పైన డ్రైవరు గడియారం.

పైకి వచ్చేసరికి రెండున్నర. డ్రైవరు ముఖం మాడ్చుకొని, "ఆడ గంటకు మించి చూసేదేముంది సార్, అంతా చీకటే కదా!" అన్నాడు. అతని తప్పు కాదు, అతనికి ఇచ్చిన కాగితం అలా ఉంది. ఆ కాగితం ప్రకారమే మమ్మల్ని వాళ్ళు ముందే మాట్లాడి పెట్టుకొన్న హోటలుకు తీసుకువెళ్ళాడు. సంగటి చల్లారి గట్టిపడింది, చికెన్ పులుసు దాని బాధను చూసి కూడా కరగలేదు. వడ్డనకే ముప్పావుగంట పట్టింది. అక్కడి నుంచి సిమెంటు లారీల వెనుక 60 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి గండికోట చేరి, కోట లోపల నడిచి అంచు దగ్గరకు వెళ్ళేసరికి సూర్యుడు దిగిపోయాడు. పెన్నా లోయను చూశామని చెప్పలేను, అక్కడ లోయ ఉన్నదని నమ్మి వచ్చాం.

గండికోట ఎర్రరాయి వేరు, బెలుం నల్లరాయి వేరు. అక్కడ నది గట్టి రాతిని కోసుకొంటూ పోయింది, ఇక్కడ నీరు మెత్తగా కరిగించింది. రెండూ చూడవలసినవే, కానీ రెండిటికీ రెండు రోజులు కావాలి. ఆ రోజు మళ్ళీ నా చేతికి వస్తే బెలుంను ముందు పెడతాను. కర్నూలు నుంచి నూరు కిలోమీటర్లకు పైనే ఉంది కాబట్టి ఏడింటికి బయలుదేరి, పదింటికి తలుపు తీసే వేళకు అక్కడ ఉండి, ఒంటిగంట దాకా తీరిగ్గా చూస్తాను. వేళలు, టికెట్ల సంగతి ముందురోజే ఫోన్ చేసి కనుక్కొంటాను. ఎండ తగ్గాక యాగంటి చేరి, పుష్కరిణి గట్టు మీద సాయంత్రం గడిపి ఇంటికి వస్తాను. రాళ్ళ మీద మరీ ఆసక్తి ఉంటే బేతంచర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహలు ఉన్నాయి. ఫుట్ తవ్వించినప్పుడు ఖడ్గమృగం ఎముకలు కూడా దొరికిన చోటది. అయితే దానికి సరైన దారి తెలిసిన స్థానికుడి తోడు, మరొక రోజు కావాలి.

రాత్రి పదింపావుకు ఇల్లు చేరాక అసలు సంగతి బయటపడింది. పన్నెండు గంటలు దాటితే గంటకు 300 చొప్పున అదనమని రసీదు వెనుక చిన్న అక్షరాల్లో ఉందట. వాళ్ళు రాసిచ్చిన కార్యక్రమమే పదిహేనున్నర గంటలది కదా, పన్నెండు గంటల హద్దు ఎవరికోసమని అడిగితే డ్రైవరు నేల చూపులు చూశాడు. అతనితో వాదించడం ఇష్టం లేక 1,200 ఇచ్చి పంపించి, మరునాడు ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒకే రోజులో ఇన్ని చోట్లు పెట్టడం వల్ల ఏదీ సరిగా చూడలేకపోయామని ఓపికగా చెప్పాను. అవతలి వ్యక్తి అంతకన్నా ఓపికగా విని, "అర్థమైంది సార్, ఈసారి మీకు అహోబిలం కూడా అదే రేటులో కలిపేస్తాం" అన్నాడు.