లంకావిలో ట్రయథ్లాన్: నల్లగొండ నుంచి ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడు

మలేషియాలోని లంకావి దీవిలో నవంబరులో జరిగే హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు, అంటే ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయథ్లాన్ పోటీకి, నేను మా అమ్మను, భార్యను, తొమ్మిదేళ్ల కూతురిని వెంటబెట్టుకొని వెళ్లాను. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగుకు ఎలా సిద్ధపడాలో చెప్పేవారు చాలామందే ఉన్నారు గాని, ఇంట్లోవాళ్లు వెంట ఉంటే ఎక్కడ దిగాలి, పోటీ నాడు వాళ్లు ఎక్కడ నిలబడాలి అన్నది నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మొదట గోవాలో జరిగే ఇలాంటి పోటీకే వెళ్దామనుకున్నాము. అయితే 2023 డిసెంబరు నుంచి భారతీయులు వీసా లేకుండా 30 రోజుల వరకు మలేషియాలో ఉండే వీలు కలిగింది. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్‌కు విమానంలో నాలుగు గంటలే. పైగా అక్కడా బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి, నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద తెల్లవారుజామున సైకిలు తొక్కి అలవాటైన నాకు కొత్తగా నేర్వవలసింది లేదు. ఆలస్యం జరిగింది అమ్మ పాస్‌పోర్టు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరుగా, ఓటరు కార్డులో మరో తీరుగా ఉండడంతో ఆ సవరణకే రెండు నెలలు పట్టింది. పోటీకి పేరు నమోదు చేసుకోకముందే పెద్దవాళ్ల కాగితాలు చూసుకోవడం మంచిది. ఆన్‌లైన్‌లో నింపే మలేషియా డిజిటల్ అరైవల్ కార్డును మాత్రం చేరడానికి ముందు మూడు రోజుల లోపలే, పిల్లలతో సహా ఒక్కొక్కరికి విడిగా నింపాలి.

సైకిలును ఇంటి వసారాలో విప్పాము. కుడి పెడల్ మామూలుగా ఎడమకు తిప్పితే ఊడుతుంది, ఎడమ పెడల్‌ది తిరగమర. అది కుడికి తిప్పితేనే వదులవుతుంది. ఈ సంగతి మరిచి బలం పెడితే మరింత బిగుసుకుపోతుంది. టైర్లలో గాలి తగ్గించి, ఫ్రేముకు అమ్మ పాత నూలు చీరలు చుట్టి, అట్టపెట్టెలో దించి, వీధి చివరి ఎరువుల దుకాణంలో కాంటా మీద తూచితే 21 కిలోలు వచ్చింది. ఇంత జాగ్రత్త పడినా, లంకావిలో పెట్టె తెరిచేసరికి ఒక మూల నలిగి ఉంది, వెనుక గేరును పట్టుకొని ఉండే వేలెడంత అల్యూమినియం ముక్క, హ్యాంగర్, వంగిపోయి ఉంది. పోటీ ప్రాంగణంలోని మెకానిక్ దాన్ని సరిచేసి ఇచ్చే దాకా నాకు అన్నం సయించలేదు. మీ సైకిలుకు సరిపోయే హ్యాంగర్ మరొకటి తప్పక వెంట పెట్టుకోండి.

బస విషయంలో నేను చేసిన పొరపాటు, చవకని కువా పట్టణంలో మొదటి మూడు రాత్రులకు గది తీసుకోవడం. పోటీ పనులన్నీ దీవికి పడమటి వైపున జరిగితే, కువా ఓడరేవు ఆగ్నేయాన ఉంది. గదిలో సైకిలు పెట్టుకోవచ్చని ముందు ఒప్పుకున్న ఆ హోటలువాళ్లు, తీరా వెళ్లాక కాపలాదారు పక్కన రేకుల షెడ్డు చూపించారు. రోజుకు 150 రింగిట్ల (మలేషియా డబ్బు) గది చవకే అనిపించింది గాని, రాకపోకల టాక్సీలకే ఆ మిగులంతా పోయింది. తరువాత పడమటి తీరంలోని పంతాయ్ చెనాంగ్‌లో 280 రింగిట్లకు రెండు గదులు, వంటిల్లు, బట్టలుతికే యంత్రం ఉన్న అపార్ట్‌మెంటుకు మారాము. సముద్రం ఐదు నిమిషాల నడక. నేను సాధనకు వెళ్లినా అమ్మా, పాపా తమంతట తాము ఇసుకలో కూర్చొని రాగలిగేవారు. నన్నడిగితే కుటుంబంతో వెళ్లేవారు మొదటి రాత్రి నుంచే చెనాంగ్‌లో దిగాలి.

బియ్యం, పెసరపప్పు అక్కడే కొన్నాము. ఇంటి నుంచి తీసుకెళ్లినవి పొడులు, చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్. అక్కడి సాకెట్లకు మూడు చదరపు పిన్నుల ప్లగ్గు కావాలి, మన ప్లగ్గు పట్టదు, అడాప్టర్ అవసరం. పోటీ ముందు రాత్రి నేను కొత్త తిండి జోలికి పోకుండా మెత్తని పప్పన్నం తిన్నాను. ఆ ఒక్క పూటకే వంటిల్లు ఉన్నందుకు ఎంతో సంతోషించాను.

పోటీ నాడు నేను ఈత ముగించే వేళ, సైకిలు మీద తిరిగివచ్చే వేళ అంచనాగా ఒక కాగితం మీద రాసి పాపకు ఇచ్చాను. రోడ్లు మూసేస్తారు కాబట్టి వాళ్లను చీకటితోనే నడిపించి, పరుగు దారి ఒకటికి రెండుసార్లు దాటే మలుపులో నీడ చూసి కూర్చోబెట్టాము. నీరు వెచ్చగా ఉంటుంది కనుక చల్లని నీటిలో ఈతకు వేసుకునే రబ్బరు దుస్తులు, వెట్‌సూట్, అక్కర లేకపోయింది. చిన్నప్పుడు బావిలో బెండు కట్టుకొని నేర్చిన ఈతకు అలలు మాత్రం కొత్త. పరుగులో ఎండకు కాళ్లు పట్టేసిన పదిహేనో కిలోమీటరు దగ్గర, ఆ మలుపులో అమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ లేచి నిలబడడం కనిపించింది. ఎనిమిదిన్నర గంటల గడువులో ఏడు గంటల పన్నెండు నిమిషాలకు ముగించాను.

కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు, స్కై క్యాబ్‌ను పోటీ అయ్యాకే పెట్టుకున్నాము, క్యూలలో కాళ్లు అలిసిపోతాయని. పైనున్న 125 మీటర్ల వంకర వంతెన వరకు భార్యా, పాపా వెళ్లారు. మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మ, అప్పటికి మెట్లు దిగలేని నేను, పై స్టేషన్లోనే కూర్చొని మబ్బులు కొండను కమ్మడం చూస్తూ ఉండిపోయాము.