పాత ఇంజన్ ఆయిల్ లీకు: బ్రీదర్ ఫిల్టరా, పీసీవీ వాల్వా?

పిస్టన్ రింగులు అరిగిన ఇంజన్‌లో మండిన వాయువులు క్రాంక్‌కేస్‌లోకి (సిలిండర్ల కింద క్రాంక్‌షాఫ్ట్ ఉండే గదిలోకి) జారి, పోయే దారి దొరక్కపోతే సీళ్లను, గాస్కెట్లను తోసుకుని ఆయిల్‌తో సహా బయటపడతాయి. అందువల్ల సీలు మార్చడానికి ముందే ఈ పీడనం సంగతి చూడాలి.

కొందరు క్రాంక్‌కేస్ గాలి రంధ్రానికి బిగించే చిన్న బ్రీదర్ ఫిల్టర్ పీడనాన్ని వదులుతుంది గానీ వాయువులను లాగదు; తేమ లోపలే మిగిలి ఆయిల్ బురదగా మారుతుంది, ఆవిరి గాలిలో కలుస్తుంది.

పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వ్ మాత్రం ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని, అంటే సిలిండర్లకు గాలి చేర్చే గొట్టాల్లోని, వాక్యూమ్‌తో ఆ వాయువులను లాగి సిలిండర్లలో మళ్లీ మండేలా చేస్తుంది, మరో గొట్టం గుండా శుభ్రమైన గాలి క్రాంక్‌కేస్‌లోకి వస్తుంది. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) వాక్యూమ్ ఎక్కువ కనుక వాల్వ్ దారిని సన్నం చేస్తుంది, లోడ్ పెరిగినప్పుడు వెడల్పు చేస్తుంది. రోజూ రోడ్డెక్కే కారుకు నిస్సందేహంగా ఇదే మేలు.

అయితే వాల్వ్ పనిచేయాలి. విప్పి ఊపితే సాధారణంగా లోపలి ముక్క టకటకలాడుతుంది. శుభ్రమైన గాలి గొట్టాన్ని మూసి, ఐడిల్‌లో ఆయిల్ పోసే చోటి మూత తీసి ఆ రంధ్రం మీద పలుచని కాగితం పెడితే కొద్దిసేపట్లో అది లోపలికి అంటుకోవాలి. పైకి లేస్తే వాల్వో గొట్టమో పూడుకుందని, లేదా రింగుల అరుగుదల వాల్వ్ సామర్థ్యాన్ని మించిందని అర్థం. రింగులే కారణమైతే కొత్త వాల్వ్ వేసినా లీకు ఆగదు, కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో పీడనం కొలిచేది) చేయించాల్సిందే.