సర్దుకుపోవడానికి ఏది తేలిక: దుబాయా, షార్జానా?

యూఏఈలో ఉద్యోగం ఖాయమైందంటే మనవాళ్ల మొదటి ప్రశ్న అద్దె గురించే. ఆఫీసేమో దుబాయ్‌లో, ఇల్లు షార్జాలో తీసుకుంటే చవక. డబ్బు లెక్క వరకు సరే. కానీ ఈ రెండు ఊళ్ల మధ్య అసలు తేడా పద్ధతుల్లో ఉంది. అల్ నహదా అనే పేట ఉంది, ఒక్కటే పేరు, సగం దుబాయ్‌లో ఉంటుంది, సగం షార్జాలో. దుబాయ్ వైపు 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సున్న హోటల్లో బీరు తాగితే ఎవరూ ఏమనరు. సరిహద్దు దాటి షార్జాలోకి వచ్చాక అదే బీరు కారు డిక్కీలో దొరికినా కేసే.

నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. కుటుంబంతో కొత్తగా దిగేవాళ్లకు, సర్దుకోవడం వరకు షార్జాయే తేలిక. వినగానే ఇది తలకిందుల మాటలా ఉంటుంది. ఆంక్షలు ఎక్కువున్న ఊరు తేలికెలా అవుతుంది?

ఎలాగంటే, అక్కడ ఏది కుదరదో ముందే తెలిసిపోతుంది. మోకాళ్ల పైకి ఉండే నిక్కర్లతో బయట తిరగకూడదని, పెళ్లి కాని, బంధువులు కాని స్త్రీ పురుషులు అనుమానం కలిగేలా ఒంటరిగా ఉండకూడదని 2001లోనే నియమాలు పెట్టారు. మన మధ్యతరగతి కుటుంబం వీటి కోసం కొత్తగా మార్చుకోవాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. ఆ మాటకొస్తే ఇవన్నీ మన బామ్మలు పెట్టిన రూల్సే.

దుబాయ్‌తో చిక్కు వేరు. బీచ్‌లో ఈత దుస్తులు చూసి, క్లబ్బుల హడావిడి చూసి ఇక్కడ అంతా చెల్లుతుందనుకుంటారు. చెల్లదు. ట్రాఫిక్‌లో కోపమొచ్చి మధ్యవేలు చూపించడం, వాట్సాప్‌లో బూతు మెసేజ్ పెట్టడం, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు పడేలా ఫొటో తీసి పోస్ట్ చేయడం, వీటిలో దేనికైనా పోలీసు కేసు కావచ్చు. ఇవి దేశం మొత్తానికీ వర్తించే చట్టాలు. షార్జాలో ఉన్నవాడు ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటాడు కాబట్టి గీత దాటడు. దుబాయ్‌లో ఉన్నవాడికి అసలు గీత ఉందన్న సంగతే గుర్తుండదు.

రంజాన్ నెలలో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. దుబాయ్‌లో పగటిపూట తినేవాళ్లు కనబడకుండా హోటళ్లకు పరదాలు కట్టాలన్న నిబంధన 2021లోనే తీసేశారు. షార్జాలో పగలు తిండి అమ్మాలంటే మునిసిపాలిటీ పర్మిట్ కావాలి, అదీ పార్సిలే. రెండుచోట్లా ఉపవాసం ఉన్నా లేకపోయినా ఉద్యోగులందరికీ రోజుకు రెండు గంటల పని తగ్గుతుంది. అయినా ఆ నెలంతా ఆఫీసులో మీ డెస్క్ మీద నీళ్ల సీసా పెట్టుకోకండి. దాహమేస్తే ప్యాంట్రీలోకి వెళ్లి తాగి రండి. ఎవరూ అడగరు, కానీ పక్క సీటాయన పొద్దున్నుంచీ గుక్క నీళ్లు ముట్టలేదు.

ఇఫ్తార్‌కు పిలిస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి. చెప్పులు బయట విప్పడం, కుడిచేత్తో తినడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. తెలియనిదల్లా గహ్వా, అంటే అరబ్బుల కాఫీ సంగతి. చిన్న కప్పులో అడుగున కొంచెమే పోస్తారు, తాగగానే మళ్లీ పోస్తారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ కాస్త ఊపి ఇవ్వాలి. ఊరికే చేతికిస్తే ఇంకో విడత తప్పదు. ఇంకొకటి, ఆ ఇంటి ఆడవాళ్లకు మీ అంతట మీరు చేయి చాపకండి. ఆవిడ చాపితే కలపండి, లేదంటే గుండె మీద చేయి పెట్టుకుని సలాం చెబితే సరిపోతుంది.

షార్జాలో ఇబ్బందులు లేవని కాదు. ప్రైవేటు బడులు కూడా వారానికి నాలుగు రోజులే, శుక్రవారం పిల్లలు ఇంట్లో ఉంటారు. దుబాయ్ ఆఫీసులో మీకు ఆ రోజు పని ఉంటుంది. 2022లో తెరిచిన జెబెల్ అలీ గుడి దుబాయ్‌కి అటు చివరన ఉంది, పండగ రోజు వెళ్లి రావడానికే సగం పూట పోతుంది. రెండు ఊళ్లను కలిపే అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్ గురించి చెప్పక్కర్లేదు. దానికి తోడు రద్దీ వేళ సాలిక్ (దుబాయ్ టోల్) గేటు దాటితే 6 దిర్హాములు. అద్దెలో మిగిలినదాంట్లో కొంత అక్కడే కరిగిపోతుంది.

బ్యాచిలర్లకు మాత్రం నా సలహా పూర్తిగా దుబాయే. షార్జాలో కుటుంబాలుండే పేటల్లో ఒంటరి మగవాళ్లను ఉండనివ్వరు, మునిసిపాలిటీ వాళ్లు తనిఖీకి వస్తే ఖాళీ చేయాల్సిందే. దుబాయ్‌లోనూ చెక్కలతో గది అడ్డంగా పంచిన పార్టిషన్లు చట్టవిరుద్ధం. కాబట్టి కరామాలోనో దేరాలోనో బెడ్‌స్పేస్, అంటే గదిలో ఒక మంచం అద్దెకు చూసుకునేటప్పుడు, అడ్వాన్సు ఇవ్వకముందే ఎజారీలో (దుబాయ్‌లో అద్దె ఒప్పందం ప్రభుత్వం దగ్గర చేసే రిజిస్ట్రేషన్) మీ పేరు చేరుస్తారా అని అడగండి. నీళ్లు నమిలితే ఇంకో గది చూసుకోండి.