సినాత్రా గొంతు తగ్గించిన రికార్డు
జెర్సీ సిటీలో ఓ పాత రికార్డుల కొట్లో దొరికింది, అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాత్రా, బ్రెజిల్ సంగీతకర్త జోబిమ్ కలిసి చేసిన 1967 నాటి ఎల్పీ. మా పక్కనే ఉన్న హోబోకెన్‌లో పుట్టినాయన బ్రెజిల్ పాటలు ఎలా పాడాడో చూద్దామని కొన్నాను.

పెద్ద బ్యాండు ముందు గొంతెత్తే మనిషి, ఇక్కడ ఊయల్లో పాప లేస్తుందేమో అన్నంత మెల్లగా పాడాడు. పది పాటల్లో ఏడు జోబిమ్‌వే. ‘ఇపనేమా అమ్మాయి’ (ద గర్ల్ ఫ్రమ్ ఇపనేమా) పాటలో జోబిమ్ పోర్చుగీసులో అందుకుంటాడు, ఈయన మాత్రం ఇంగ్లీషు దాటడు. నాకదొక్కటే వెలితి. క్లాస్ ఓగర్మన్ కూర్చిన వయొలిన్లు ఎక్కడా పాట మీద పడవు. మొత్తం 28 నిమిషాలే, అప్పుడే అయిపోయిందా అనిపిస్తుంది.

కొట్టాయన గీతల్లేవన్నాడు గానీ, రెండో వైపు తిప్పగానే ఒకటే చిటపట. పోపు మాడుతోందనుకుని మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తింది.