జాగ్రత్త: ఈ పెల్లెట్ డబ్బాతో ఉడుతల వేటకు వెళ్లకండి

ఉడుతల వేటకు 5.5 మిల్లీమీటర్ల పెల్లెట్లు, అంటే ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న సీసపు గుళ్లు, కొనబోతున్నవారు ఇది చదివాకే డబ్బు కట్టండి. పేరున్న తయారీదారు డబ్బాల్లో ఊరూ పేరూ లేని సరుకు నింపి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అలాంటి డబ్బా ఒకటి నా చేతికి వచ్చింది. పోయిన డబ్బు గురించి నాకు పెద్ద బాధ లేదు. కాగితం మీద గురి తప్పితే పక్కన ఇంకో రంధ్రం పడుతుంది, అంతే. ఉడుత మీద గురి తప్పితే అది దవడ విరిగో, పొట్ట చిరిగో తొర్రలోకి దూరి గంటల తరబడి నరకం అనుభవిస్తుంది. ఇదే సరుకు కొని, పేరు చూసి నమ్మి, పరీక్షించకుండానే వేటకు వెళ్లిన ఒక పరిచయస్థుడికి సరిగ్గా అదే జరిగింది. గురి పెట్టింది తలకు, తగిలింది వెనక కాలికి. ఎంత వెతికినా ఆ ఉడుత దొరకలేదు. ఆయన చాలా ఏళ్లుగా వేటాడుతున్న మనిషి, చేయి వణికే రకం కాదు. ఆయన చెప్పింది విన్నాకే ఇది రాయాలని నిశ్చయించుకున్నాను.

అమ్మకందారు పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఇదే డబ్బా వేర్వేరు పేర్లతో ఉన్న దుకాణాల్లో కనిపిస్తోంది, రేపు ఇంకో పేరుతో రావచ్చు. పేరు కన్నా గుర్తులు తెలిస్తేనే మీకు ఉపయోగం.

మూత మీది అచ్చు చూస్తే ఏ అనుమానమూ రాదు. ఒక్కో పెల్లెట్ 14.66 గ్రెయిన్లు, అంటే 0.95 గ్రాములు. తల వ్యాసం 5.52 మిల్లీమీటర్లు. మొత్తం 500. ఈ లెక్కన లోపలి సీసం 475 గ్రాములు తూగాలి. ఖాళీ డబ్బా బరువు తీసేస్తే నాకు వచ్చిన సరుకు 450 గ్రాములు కూడా లేదు. ఈ పరీక్షకు వంటింటి త్రాసు చాలు, మూత తీయాల్సిన పని కూడా లేదు. డబ్బాతో కలిపి తూచినా 475 దాటకపోతే ఇక లోపల చూడనవసరం లేదు, అలాగే తిప్పి పంపేయండి. తెరిచిన డబ్బా వెనక్కి తీసుకోబోమని వీళ్లు మెలిక పెడతారు కాబట్టి తెరవకముందే తూచడం చాలా అవసరం.

మిగతా గుర్తులు: మూత చుట్టూ ఉండాల్సిన టేపు లేదు, లేదా ఒకసారి ఊడదీసి మళ్లీ అంటించినట్టు ముడతలు పడి ఉంది. పెల్లెట్లు కదలకుండా పైన పెట్టే స్పాంజి చక్రం లేదు. అడుగున బ్యాచ్ నంబరు ఉండాల్సిన చోట గీరేసిన మచ్చ ఉంది. లోపల సీసపు పొట్టు, దాంతోపాటు తెల్లటి పొడి. సీసం చాలాకాలం తేమలో ఉంటే ఇలా తెల్లగా పొడి బారుతుంది. ఆ పొడి ఊపిరితో లోపలికి పోకూడదు, చేతికి అంటిన పొడి నోటికి తగలకూడదు. దాన్ని ఊదకండి, పిల్లలున్న చోట డబ్బా తెరవకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

దీపం కింద పెట్టి చూస్తే అసలు మోసం బయటపడింది. ఒకే డబ్బాలో రెండు రకాల పెల్లెట్లు ఉన్నాయి. కొన్నిటి నడుము సన్నగా, కొన్నిటిది మందంగా ఉంది. ఎన్నిటికో వెనక అంచు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి మారింది. ఈ వెనక అంచునే స్కర్ట్ అంటాం. ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌లో ప్రాణమంతా అక్కడే ఉంది. తల బారెల్ లోపలి మెలికల గాడుల మధ్య గట్ల మీద జారుతూ దారి చూపుతుంది. పల్చటి స్కర్ట్ వెనకనుంచి వచ్చే గాలి ఒత్తిడికి విచ్చుకుని గాడుల్ని పట్టి, గాలి పక్కలనుంచి జారిపోకుండా మూసేస్తుంది. బయటికి వచ్చాక బ్యాడ్మింటన్ షటిల్ లాగా బరువైన తల ముందు, బోలు తోక వెనక ఉండి నిలకడగా పోతుంది. స్కర్ట్ వంకరైతే గాలి ఒక పక్కనుంచి తప్పించుకుంటుంది. పెల్లెట్ బారెల్ చివర వదలేటప్పుడే పక్కకు వాలుతుంది, వేగమూ తగ్గుతుంది. అద్దం పలక మీద పెల్లెట్లను దొర్లించి చూడండి. బాగున్నది చక్కగా వంపు తిరుగుతూ పోతుంది, దెబ్బతిన్నది తడబడుతుంది. కంటికి కనిపించని నొక్కులు కూడా అద్దం మీద తెలిసిపోతాయి.

తూచితే ఇంకా ఘోరం. మంచి డబ్బాలో బరువుల తేడా సాధారణంగా గ్రెయిన్‌లో కొన్ని పదో వంతులకే పరిమితం. ఇందులో 13.6 నుంచి 15.4 గ్రెయిన్ల దాకా ఉంది. అంత తేడా ఏం చేస్తుందో లెక్క వేయవచ్చు. నా రైఫిల్ 14.66 గ్రెయిన్ల పెల్లెట్‌ను సెకనుకు సుమారు 177 మీటర్ల వేగంతో పంపుతుంది, అంటే శక్తి 15 జౌళ్లకు కొంచెం తక్కువ. అదే శక్తితో 13.6 గ్రెయిన్లది 184 మీటర్ల వేగంతోనూ, 15.4 గ్రెయిన్లది 173 మీటర్ల వేగంతోనూ పోతాయి. ఈ 11 మీటర్ల తేడా 30 మీటర్ల దూరం చేరేసరికి ఎత్తులో దాదాపు 2 సెంటీమీటర్ల తేడాగా మారుతుంది. గాలి లేదు, చేయి కదల్లేదు, గురి సరిగ్గానే ఉంది. అయినా 2 సెంటీమీటర్లు. ఉడుత తలలో వెంటనే ప్రాణం పోయే చోటు రెండున్నర సెంటీమీటర్ల వృత్తాన్ని మించదు. ఆ వృత్తం దాదాపు అంతా పెల్లెట్ బరువు తేడాకే సరిపోతే, గాలికీ మన ఊపిరికీ కొమ్మ కదలికకూ మిగిలేది ఏముంది? వంకర స్కర్టుల సంగతి ఈ లెక్కలో ఇంకా చేర్చనే లేదు.

ఇక కాల్చి చూసిన పరీక్ష. దీన్ని కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే ఫిర్యాదు చేస్తే అమ్మకందారు చెప్పే మొదటి మాట "మీ బారెల్‌లో లోపం ఉంది" అనే. ఆ మాటకు చోటివ్వకూడదు. ముందు స్టాకు (భుజానికి ఆనించే భాగం) మరలు, స్కోపు (గురి చూసే దుర్భిణి) పట్టీల మరలు బిగించాను. తర్వాత నాకు నమ్మకమున్న పాత డబ్బాలోని పెల్లెట్లతో, గాలి లేని వేళ, ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి 25 మీటర్ల దూరంలో ఐదేసి చొప్పున గ్రూపులు కాల్చాను. ఒకే గురికి కాల్చిన గుళ్లు కాగితం మీద ఎంత మేరలో పడ్డాయో అదే గ్రూపు. అన్నీ 2 సెంటీమీటర్ల లోపే పడ్డాయి. అప్పుడు కొత్త డబ్బా తీశాను. పెల్లెట్ మార్చినప్పుడు బారెల్ కొత్త సీసానికి అలవాటు పడేదాకా కొన్ని గుళ్లు అటూ ఇటూ పోవడం మామూలే కాబట్టి, మొదటి ఇరవై దాకా లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత కూడా గ్రూపులు 6 సెంటీమీటర్లకు తగ్గలేదు. గుండు గుండుకూ బారెల్‌లో పెట్టేటప్పుడే తేడా తెలుస్తోంది. ఒకటి వదులుగా జారిపోతుంది, ఇంకొకటి బొటనవేలితో గట్టిగా నొక్కితే గానీ దిగదు. చివరికి మళ్లీ పాత డబ్బాకు వచ్చాను. గ్రూపు మళ్లీ 2 సెంటీమీటర్ల లోపలికి చేరింది.

ఈ చివరి మెట్టును ఎవరూ వదలకండి. పాతది, కొత్తది, మళ్లీ పాతది. రైఫిల్ మారలేదు, మనిషి మారలేదు, రెండుసార్లూ పాత పెల్లెట్లు దగ్గర దగ్గరగా పడ్డాయి. ఇక తప్పు ఎక్కడుందో వాదించడానికి ఏమీ మిగలదు. కాగితాల మీద తేదీ, దూరం రాసి, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసుకోండి.

బాగున్నవి ఏరుకుని వాడుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు. అదీ చేసి చూశాను. వంకరవి తీసేసి, బరువులు సరిపోయినవి మాత్రమే కాలిస్తే గ్రూపు 4 సెంటీమీటర్లకు వచ్చింది. ఖాళీ డబ్బాలను పడగొట్టే సరదాకు అది చాలు. ప్రాణి మీద గురి పెట్టడానికి చాలదు. తలల వ్యాసం 5.48 నుంచి 5.55 దాకా మారుతుంటే బరువు ఒక్కటే సరిచూసి లాభం లేదు. నన్నడిగితే ఏరుకునే శ్రమ కూడా దండగే.

అమ్మకందారుకు ఫొటోలన్నీ పంపాను. మొదట బారెల్ లోపమన్నారు. పాత పెల్లెట్ల గ్రూపులు చూపించాక తెరిచిన డబ్బా వెనక్కి తీసుకోబోమన్నారు. అది కూడా వదలకుండా అడిగితే, నేను రాసిన సమీక్ష తీసేస్తే సగం డబ్బు ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ బేరానికి ఒప్పుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో అన్న అనుమానం అప్పుడే వచ్చింది, ఆ పేజీలోని సమీక్షలన్నీ మళ్లీ చదివాను. ప్యాకింగ్ బాగుంది, త్వరగా చేరింది, డబ్బా అందంగా ఉంది అన్నవే అన్నీ. కొన్ని అయితే స్కోపు గురించి రాసినవి, పెల్లెట్లకే సంబంధం లేదు. ఎంత దూరంలో ఎంత గ్రూపు వచ్చిందో రాసినవారు ఒక్కరూ లేరు. పెల్లెట్ల సమీక్షలో దూరం, గ్రూపు లేకపోతే దానికి విలువ ఇవ్వకండి.

ఇదే పేజీలో ఇంకో సరుకును కూడా "ఉడుతల వేటకు ప్రత్యేకం" అంటూ అమ్ముతున్నారు: మొన తేలిన, సీసం లేని తేలికపాటి లోహపు పెల్లెట్లు. సెకనుకు 380 మీటర్ల వేగమట. సబ్బు బిళ్లలోంచీ రేకు డబ్బాలోంచీ దూసుకుపోయే వీడియోలు పెట్టారు. ఆ వేగమే దాని లోపం. 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. ఆ గీత దాటి వెళ్లిన పెల్లెట్ దారిలో వేగం తగ్గుతూ మళ్లీ ఆ గీత దాటేటప్పుడు గాలి అలజడికి లోనై అదుపు తప్పుతుంది. సన్నటి నడుము, బోలు తోక ఉన్న ఈ ఆకారం అంత వేగానికి పుట్టింది కాదు. స్ప్రింగు పిస్టన్‌ను నెట్టి గాలిని నొక్కే స్ప్రింగ్ రైఫిల్‌లో మరీ తేలిక పెల్లెట్ పెడితే పిస్టన్‌కు ముందు తగినంత గాలి దిండు నిలవక అది గట్టిగా కొట్టుకుంటుంది, సీలు, స్ప్రింగు త్వరగా పాడవుతాయి. సీసం లేని పెల్లెట్లన్నీ చెడ్డవని నేను అనడం లేదు. మాంసంలో సీసం తునకలు పడకూడదనుకునేవారికి మంచి తయారీవి పనికొస్తాయి, కొన్ని బారెళ్లకు బాగా నప్పుతాయి కూడా. కానీ వేగం అంకె చూపించి అమ్మేవాళ్లను నమ్మకండి. మొన తేలినవీ అంతే: డబ్బాలో ఒకదానికొకటి తగిలి మొనలు వంగుతాయి, గురి చెడుతుంది. ఉడుత పుర్రెకు మొన అవసరం లేదు, మామూలు గుండ్రటి తల సరైన చోట తగిలితే చాలు.

ఇంకో మాట చెప్పాలి. "ఉడుతల వేటకు" అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్టు కాదు. బ్రిటన్‌లో బూడిద రంగు ఉడుతను కాల్చవచ్చు, ఎర్ర ఉడుతకు 1981 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కావాలని దాన్ని చంపినా, గాయపరిచినా నేరమే. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి వేట కాలాలు, రోజుకు ఎన్ని అన్న పరిమితులు మారతాయి. ఇతర దేశాల్లో చాలా చోట్ల ఉడుత వేటే నిషేధం. మీరున్న చోటి చట్టం తెలుసుకున్నాకే డబ్బా గురించి ఆలోచించండి.

కొనేటప్పుడు బ్యాచ్ నంబరు ఫొటో ముందే అడగండి. ఇవ్వనివారి దగ్గర కొనకండి. ఒకేసారి నాలుగైదు డబ్బాలు తెప్పించకుండా ఒకటి తెప్పించి కాల్చి చూసి, నప్పితే అదే బ్యాచ్‌వి మిగతావి కొనండి. ఒకే తయారీ అయినా బ్యాచ్ మారితే బారెల్‌కు నప్పకపోవచ్చు, అది మోసం కాదు. మంచి డబ్బా అయినా సరే, కొత్తది తెరిచిన ప్రతిసారీ వేటకు ముందు కాగితం మీద కాల్చండి. ఐదు గుళ్లూ రెండున్నర సెంటీమీటర్ల వృత్తంలో పడే దూరమే ఆ డబ్బాతో మీ వేట దూరం. 25 మీటర్ల దగ్గర పడకపోతే 15కు దగ్గరకు వెళ్లండి, లేదా ఆ రోజు రైఫిల్ ఎత్తకండి. ఇక చెట్టు మీది ఉడుతకు గురి పెట్టేముందు దాని వెనక మాను గానీ లావు కొమ్మ గానీ ఉందో లేదో చూడండి. తప్పిపోయిన పెల్లెట్ వందల మీటర్లు పోగలదు.

5.5 మిల్లీమీటర్లు, 14.66 గ్రెయిన్లు, 500 పెల్లెట్లు, అడుగున గీరేసిన నంబరు: ఇలాంటి డబ్బా మీకూ వచ్చి ఉంటే ఖాళీ డబ్బా బరువు, లోపలి సరుకు బరువు, పెల్లెట్ల దగ్గరి ఫొటో, 25 మీటర్ల గ్రూపు ఫొటో ఇక్కడ పెట్టండి. అసలు తయారీదారుకు నా వివరాలు ఇప్పటికే పంపాను. మీవి కూడా చేరిస్తే ఈ సరుకు ఎక్కడ నింపుతున్నారో వాళ్లు కనిపెట్టడానికి వీలవుతుంది.