అద్దాల బోగీలో అరకు: కెమెరా పట్టుకున్నవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజరుకు తగిలించే విస్టాడోమ్‌ను మన వైపు అద్దాల బోగీ అనే అంటారు. కొండలు చూసి రావడానికి వెళ్ళేవాళ్ళు దాని గురించి చెప్పాల్సిందంతా ఇప్పటికే చెప్పేశారు. ఈ సమీక్ష వేరే జాతి కోసం. ఇంజన్ నంబర్లు రాసుకునేవాళ్ళు, ఎదురుగా గూడ్సు వస్తుంటే టీ వదిలేసి లేచేవాళ్ళు, నలుగురైదుగురు కూడి ఒక రోజంతా రైళ్ళ ఫొటోలకే కేటాయించేవాళ్ళు. వీళ్ళకు ఆ టికెట్ డబ్బు గిట్టుతుందా? పోయేటప్పుడు గుంపులో ఇద్దరికి గిట్టుతుంది. మిగతావాళ్ళకు స్లీపరే మేలు. వచ్చేటప్పుడు ఎవరికీ గిట్టదు.

ముందు బోగీ సంగతి. 2017 ఏప్రిల్‌లో దేశంలో మొట్టమొదటి విస్టాడోమ్ ఈ దారిలోనే మొదలైంది. చెన్నై పెరంబూరులోని రైలు బోగీల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారైన ఆ బోగీలో 40 సీట్లు. తర్వాత వచ్చిన ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీలో 44. పైకప్పులో అద్దాలు, నిలువెత్తుకు దగ్గరగా ఉండే కిటికీలు, కిటికీ వైపు తిప్పుకోగలిగే సీట్లు, ఒక చివర నిలబడి చూసేందుకు ఖాళీ జాగా. చూడటానికి దీన్ని మించింది ఈ లైనులో లేదు, అందులో సందేహం అక్కర్లేదు. ఫొటో తీయడం దగ్గరికి వచ్చేసరికే తంటా.

కారణం అద్దమే. అది తెరుచుకోదు. పొద్దున ఎండ ఒక పక్క నుంచి పడుతుంటే ఎదుటి కిటికీ మీద బోగీ లోపలంతా ప్రతిబింబిస్తుంది. పక్క సీటాయన పసుపు చొక్కా లోయ మధ్యలో తేలుతుంది. సొరంగంలోకి దూరగానే లోపలి లైట్లన్నీ అద్దంలోకి ఎక్కుతాయి. దీనికి చాలామంది మొదట చేసే తప్పు, మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టరును లెన్సుకు బిగించడం. గట్టిపరిచిన అద్దంలో బిగువు ఉంటుంది. పోలరైజర్ లోంచి చూస్తే ఆ బిగువంతా నెమలికంఠం రంగు చారలుగా కనిపిస్తుంది. ఆకాశం మీద పడిన ఆ చారలను తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ శుభ్రంగా తీయలేరు. పోలరైజర్ ఇంట్లో పెట్టి రండి. దాని బదులు మెత్తటి రబ్బరు లెన్స్ హుడ్ తెచ్చుకోండి, అద్దానికి ఆనించి తీస్తే ప్రతిబింబం పోతుంది. గట్టి ప్లాస్టిక్ హుడ్‌ను ఆనిస్తే మాత్రం బోగీ అదురంతా లెన్సులోకి వస్తుంది. అప్పుడు హుడ్‌కూ అద్దానికీ మధ్య మీ వేళ్ళు పెట్టండి, అదురు చేతిలో ఆగిపోతుంది. నల్ల చొక్కా వేసుకోండి. ఒక నల్ల తువ్వాలు ఉంటే ఇంకా మంచిది. ఫోనుతో తీసేవాళ్ళు ఫోనును అద్దానికి పూర్తిగా అంటించేయడమే.

అద్దం బయటి వైపు దుమ్ము పట్టి ఉంటే లోపల ఎంత తుడిచినా లాభం లేదు. ఫోకస్ దగ్గరి దుమ్ము మీద పడుతుంటే మాన్యువల్‌కు మార్చి దూరానికి పెట్టేయండి. షటర్ వేగం 1/500 సెకనుకి తగ్గనివ్వకండి, దగ్గరి చెట్లు ఫ్రేములో ఉంటే 1/1000. బోగీ చల్లగా ఉంటుంది, బయట చెమట పట్టే గాలి. బొర్రాలో దిగగానే లెన్సు పొగమంచు పట్టినట్టు మసకబారుతుంది. దిగడానికి పావుగంట ముందే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయండి. తేమ కవరు మీద పడుతుంది, లెన్సు నెమ్మదిగా బయటి వేడికి వస్తుంది.

వీడియో తీసేవాళ్ళకైతే అద్దాల బోగీ దండగ. శబ్దమే ఉండదు. ఘాటులో, అంటే కొండ ఎక్కే దారిలో, ప్రతి మలుపుకూ చక్రం అంచు పట్టాను రాసుకుంటూ కీచుమంటుంది. సొరంగం మొదట్లో హారన్ కొండకు కొట్టుకుని తిరిగొస్తుంది. ఇవన్నీ స్లీపరులోనూ జనరల్‌లోనూ తెరిచిన కిటికీ దగ్గరే దొరుకుతాయి. మైకుకు గాలి తొడుగు ఉండాలి, లేకపోతే రికార్డయ్యేది గాలి ఒక్కటే. కిటికీ ఊచల మధ్య నుంచి చిన్న లెన్సు పడుతుంది, పెద్ద జూమ్ పట్టదు. పట్టినా చేయి మాత్రం బయట పెట్టకండి. సొరంగం గోడ, కరెంటు స్తంభం ఎంత దగ్గరగా వస్తాయో మలుపులో అంచనాకు అందదు. తలుపు దగ్గర వేలాడటం నేరం కూడా. ఫుట్‌బోర్డు మీద ప్రయాణిస్తే రైల్వే చట్టం 156వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలో, 500 దాకా జరిమానాయో, రెండూనో పడవచ్చు. ఫోనుకు మణికట్టు తాడు తప్పనిసరి.

అందుకే గుంపుగా వెళ్ళేవాళ్ళు టికెట్లు విడదీసి కొనాలి. ఐదుగురుంటే ఇద్దరు అద్దాల బోగీ, ముగ్గురు స్లీపర్. మధ్యలో మార్చుకుందాంలే అనుకోవద్దు, టికెట్ ఏ బోగీకి ఉంటే అక్కడే కూర్చోవాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాలకు అద్దాల బోగీ సీట్లు వెంటనే అయిపోతాయి. ఉన్నవే నలభై చిల్లర కదా. మామూలు రోజు వెళ్ళగలిగితే బండిలో జనమూ తక్కువ, కిటికీ కోసం పేచీలూ తక్కువ. బండి నంబరు 58501, తిరుగు బండి 58502. పాత 08551తో వెతికి బండి లేదనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.

పొద్దున బండి ఏడుకు కాస్త ముందు కదులుతుంది. మీరు ఐదున్నరకే స్టేషనులో ఉండండి. విశాఖ స్టేషను మెయిన్ లైను మీద లేదు, పక్కకు చీలిన కొసన ఉంది. దువ్వాడ వైపు నుంచి వచ్చి హౌరా వైపు పోయే బండి ఇక్కడ వెనక్కి తిరగాల్సిందే. ఇంజన్ విప్పుతారు, రెండో చివరకు తగిలిస్తారు, గొట్టాలు కలుపుతారు, బ్రేకు పరీక్షిస్తారు. ఇదంతా ఇరవై నిమిషాల తతంగం. కప్లింగ్ పడే చప్పుడు, దాని వెనకే గాలి బుస్సుమనడం దగ్గర్నుంచి తీయడానికి ఇంత తీరికైన చోటు కోస్తాలో మరోటి లేదు. జనవరిలో సూర్యుడు ఆరున్నర దాకా రాడు, కాబట్టి షెడ్డు కింద కెమెరా ఐఎస్‌వో (వెలుతురుకు స్పందించే శక్తి) పెంచక తప్పదు. మే నెలలో ఐదున్నరకే వెలుతురు. వందే భారత్ ముందున్న ఎల్‌ఈడీ బోర్డును 1/1000తో తీస్తే సగం అక్షరాలే పడతాయి, 1/100కి దించండి.

ప్లాట్‌ఫారం మీద చేతి కెమెరాను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. ట్రైపాడ్ విప్పారంటే మాత్రం అడుగుతారు. వద్దంటే మారు మాట్లాడకుండా మడిచేయండి. హార్బరు వైపు, నేవీ వైపు కెమెరా తిప్పొద్దు. డ్రోన్ అయితే ఊసే ఎత్తొద్దు, ఇక్కడి విమానాశ్రయం నేవీది.

మర్రిపాలెం దాటేటప్పుడు లోకో షెడ్ల ఇంజన్లు కనిపిస్తాయి. కొత్తవలస దాకా మెయిన్ లైను, అక్కడి నుంచి కేకే లైను, అంటే కొత్తవలస-కిరండూల్ లైను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960లలో వేసిన దారి ఇది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు. లక్కవరపుకోట, ఎస్.కోట, బొడ్డవర దాకా పొలాలే. అక్కడిదాకా కెమెరా దాచి టిఫిన్ కానివ్వండి. శివలింగపురం నుంచి ఘాటు. అరవై మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుడు. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది గానీ వేల టన్నుల బండికి అది గోడ లాంటిది.

ఈ లైనులో అసలు సరుకు ఎదురొచ్చే ఖనిజం బళ్ళే. ఖాళీ రేకులు (వ్యాగన్ల వరసలు) పైకి పోతాయి, లోడు కిందికి దిగుతుంది. ఇక్కడ లాగడం కన్నా ఆపడం కష్టం. ఒకే బండికి రెండు మూడు ఇంజన్లు బారుగా కనిపించేది అందుకే. త్రీఫేజ్ ఇంజన్లు దిగేటప్పుడు మోటార్లనే జనరేటర్లుగా చేసి బండిని పట్టి ఉంచుతాయి, పుట్టిన కరెంటును పైతీగలోకి తిరిగి పంపుతాయి. ఇంజన్ ఏదో తెలియకపోతే నంబరు చూడండి. 31, 32, 33తో మొదలైతే ఆరు వేల హార్స్‌పవర్ పైచిలుకు వ్యాగ్-9. 23తో మొదలైతే పాత వ్యాగ్-5, ఏళ్ళ తరబడి ఈ ఘాటును మోసింది అదే. వ్యాగన్లను పై నుంచి చూసే అవకాశం వస్తే వదలకండి. ఖనిజం బరువు ఎక్కువ గనుక వ్యాగన్ నిండదు. అడుగున ఎర్రటి కుప్పలు, పైన సగానికి పైగా ఖాళీ. తెలియనివాళ్ళు బండిని సగమే నింపారనుకుంటారు.

ఎదురుబండిని పట్టుకోవడం ఎలా? సింగిల్ లైనున్న స్టేషన్లలో మన బండిని లూపులోకి, అంటే మెయిన్ లైను పక్కనుండే పట్టాల మీదికి తీసుకుంటే, ఎదురుబండిని దాటనిచ్చే క్రాసింగ్ ఉందని అర్థం. స్టేషను దగ్గర పడుతుండగా వేగం బాగా పడిపోయి, పట్టాలు చీలే పాయింట్ల మీద బోగీ ఒక్కసారి పక్కకు ఊగిందంటే లూపులోకి వెళ్తున్నట్టే. వెంటనే మెయిన్ లైను వైపు కిటికీకి మారండి. చాలామంది ప్లాట్‌ఫారం మీదికి దిగి టీ కోసం చూస్తుంటారు, అంతలో బండి వచ్చి పోతుంది, మన బోగీలే అడ్డం. స్టేషను మాస్టరు పచ్చజెండా చేత పట్టుకుని బయటికొచ్చి నిలబడ్డాడంటే ఇక మీకున్నది రెండు మూడు నిమిషాలే. ఎక్స్‌పోజరు ముందే సరిచేసి ఉంచుకోండి, హెడ్‌లైటు ఫ్రేములోకి రాగానే ఆటో మోడ్ మొత్తాన్ని నల్లగా చేస్తుంది. పట్టాల మీదికి మాత్రం దిగకండి. 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, వెయ్యి దాకా జరిమానాయో, రెండూనో. పైన 25 వేల వోల్టుల తీగ. సెల్ఫీ కర్ర దాన్ని తాకనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు.

ఈ బండి లేటైతే జనం తిట్టుకుంటారు. మనకు ప్రతి క్రాసింగూ లాభమే. రెండో లైను వేసే డబ్లింగ్ పని పూర్తయ్యేకొద్దీ బండి ఇలా ఆగడం తగ్గుతుంది, అంచేత సింగిల్ లైను క్రాసింగులు కావాలంటే ఆలస్యం చేయొద్దు.

మలుపుల్లో సొంత బండి ఇంజన్‌ను పట్టాలంటే మలుపు లోపలి వైపు కిటికీ కావాలి, మలుపు తిరిగినప్పుడల్లా ఆ వైపు మారుతుంది. అద్దాల బోగీకి ఉన్న ఒకే పెద్ద లాభం ఇక్కడే, రెండు వైపులకూ మధ్య దారిలోంచి తిరగొచ్చు. బోగీ బండి చివర తగిలించి ఉంటే వెనక్కి పోయే పట్టాలు, సొరంగం నోరు చిన్నదైపోవడం కూడా దొరుకుతాయి. ఏ చివర తగిలించారో విశాఖలోనే చూసుకోండి. ఇంజన్‌ను ఆనుకుని ఉంటే ఆ ఆశ వదులుకోవడమే.

చిమిడిపల్లి దాటాక బొర్రా గుహలు స్టేషను. టూరిస్టుల్లో చాలామంది ఇక్కడ దిగిపోతారు, బండిలో ఊపిరాడుతుంది. కోతులున్నాయి. లెన్సు మూత కూడా వాటికి తినే వస్తువులాగే కనిపిస్తుంది, సంచి జిప్పు వేసి ఉంచండి. కరకవలస తర్వాత శిమిలిగుడ, సుమారు 996 మీటర్ల ఎత్తు. కాశ్మీరు లైను రాకముందు బ్రాడ్‌గేజిలో దేశానికంతటికీ ఎత్తైన స్టేషను ఇదే అని చెప్పుకునేవారు. బోర్డును ఫొటో తీయాలంటే కిటికీలోంచి టెలీ లెన్సు చాలు, ఆగేది కాసేపే.

పదకొండు ప్రాంతంలో అరకు. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తుంటుంది, ఫొటోలకు పనికిరాని వేళ. భోజనం, కాఫీ, బ్యాటరీ చార్జింగు ఇప్పుడే కానిచ్చేయండి. బొంగులో చికెన్ తినాలనుకుంటే కళ్ళముందు నిప్పుల మీద నుంచి తీసి బొంగు చీల్చేవాళ్ళ దగ్గరే తినండి, చల్లారాక మళ్ళీ వేడి చేసింది పీచుపీచుగా ఉంటుంది.

తిరుగు బండి సాయంత్రం పూట. చలికాలంలో ఐదున్నర దాటితే కొండల్లో చీకటే. బండి ఏమాత్రం ఆలస్యమైనా బొర్రా కిందంతా అద్దంలో మీ ముఖమే కనిపిస్తుంది. వచ్చేటప్పుడు అద్దాల బోగీ వద్దన్నది ఇందుకే. వెనక్కి జనరల్ టికెట్ చాలు. తొందరుంటే ఆర్టీసీ బస్సు ఉంది, నాలుగు గంటల దారి. వానాకాలంలో ఘాటు పచ్చగా, పొగమంచుతో అన్నిటికంటే అందంగా ఉంటుంది గానీ బండరాళ్ళు జారిపడి లైను మూతపడేదీ అప్పుడే. బండిని మధ్యలో ఆపేస్తే రోడ్డు మీద పడాల్సిందే, కాబట్టి ఆ రోజుల్లో బస్సు డబ్బులు విడిగా జేబులో ఉంచుకోండి.

ఇంటికొచ్చాక లెన్సు మీద సన్నటి ఎర్ర పొడి కనిపిస్తుంది. అది ఇనుప ఖనిజం, గుడ్డతో రుద్దితే గాజు మీద గీతలే. ముందు రబ్బరు బ్లోయరుతో ఊది, బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే గుడ్డ పెట్టండి. సంచి అడుగున చేరింది కూడా దులపకపోతే వచ్చే ట్రిప్పులో మళ్ళీ లెన్సు మీదికే వస్తుంది.