పాప 800 మీటర్ల మీట్‌కి చిత్తూరు నుంచి తిరుపతి: ఎర్టిగా, డ్రైవర్ అన్న, బిల్లు

ముందే చెప్పేస్తున్నా. డ్రైవర్ అన్నకి ఐదుకి ఐదు, బండికి మూడున్నర, ట్రావెల్స్ ఆఫీసు వాళ్ళు బిల్లు వేసే పద్ధతికి రెండు. మూడింటికీ కలిపి ఒకటే రేటింగ్ ఇవ్వాలంటే నాకు మనసొప్పలేదు, అందుకే వివరంగా రాస్తున్నా.

మా పాప తొమ్మిదో తరగతి, అండర్-17లో 800 మీటర్లు పరిగెత్తుతుంది. శనివారం తిరుపతిలో మీట్, అంటే పరుగు పోటీలు. చిత్తూరు నుంచి ఉన్నది 70 కిలోమీటర్లే, ఆర్టీసీ బస్సులు వరసగా తిరుగుతూనే ఉంటాయి, మామూలుగా మేమూ బస్సులోనే పోతాం. కానీ పొద్దున ఏడుకల్లా గ్రౌండ్‌లో ఉండాలన్నారు, శనివారం కొండకి పోయే జనంతో బస్సులో సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు, అంతదూరం నిలబడి వచ్చి దిగీ దిగగానే పరిగెత్తాలంటే ఆ పిల్ల కాళ్ళు ఏం కావాలి? పైగా ఈసారి మా అత్తమ్మ "నేను బతికుండగా ఒక్కసారన్నా పాప పరుగు చూపించరా" అని పట్టుబట్టింది. ఆమె, మా ఆయన, నేను, పాప, చిన్నోడు, మొత్తం ఐదుగురం. అందుకే ఎర్టిగా మాట్లాడుకున్నాం. 12 గంటలు, 250 కిలోమీటర్లు, 3,800. దాటితే గంటకి 200, కిలోమీటరుకి 15, డ్రైవర్ బత్తా 400. ఫోన్‌లో చెప్పింది ఇంతే.

4:45కి రమ్మంటే 4:30కే బండి గేటు ముందు ఉంది. హారన్ కొట్టలేదు, మా ఆయనకి ఒక మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకున్నాడు. వీధిలో అందరూ నిద్రపోతున్న టైమ్ కదా, నాకు అక్కడే మంచి అభిప్రాయం కలిగింది.

ఇంకా బయల్దేరకముందే ఒక పని పడింది. పాప స్పైక్స్‌కి, అంటే అడుగున పిన్నులుండే పరుగు బూట్లకి, రాత్రే కొత్త పిన్నులు వేసుకోవాల్సింది, స్కూల్ మట్టి గ్రౌండ్‌లో పరిగెత్తి పరిగెత్తి పాతవి మొద్దుబారిపోయాయి. ఎడమ కాలి బూటులో ఒక పిన్ను మాత్రం మట్టి పట్టేసి కదలడం లేదు. కీ పెట్టి తిప్పితే జారిపోతోంది. పాప కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అన్న వచ్చి బూటు తీసుకుని, లోపలి లైటు వేసి, టూల్స్ సంచిలోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. ముందు సూదితో పిన్ను చుట్టూ ఉన్న మట్టి గోకాడు, అత్తమ్మ దగ్గర కొబ్బరినూనె అడిగి ఒక చుక్క వేశాడు, రెండు నిమిషాలు అలాగే ఉంచాడు, తర్వాత ప్లయర్‌తో గట్టిగా పట్టుకుని మెల్లగా తిప్పాడు. కిర్రుమని వచ్చేసింది. కొత్తది బిగించి, ఆరు పిన్నులనూ వేలితో ఒక్కొక్కటే కదిపి చూసి "ఇంక ఊడవు పాపా" అని చేతిలో పెట్టాడు. డ్రైవర్ పనిలో ఇది ఎక్కడా లేదు. దీనికి మేం ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు.

దారిలో అత్తమ్మ కాణిపాకం చూసుకునే పోదామంది. స్వామిని దాటి పోతే ఎట్లా అని ఆమె బాధ, టైమ్ చాలదని మా ఆయన బాధ. అన్నే సర్దిచెప్పాడు: "అవ్వా, కాణిపాకం క్రాస్‌లో ఒక్క నిమిషం ఆపుతా, ఇక్కణ్నుంచే దండం పెట్టుకో, సాయంత్రం వచ్చేటప్పుడు తీరిగ్గా దర్శనం చేయిస్తా." ఆపాడు, సాయంత్రం మాట కూడా నిలబెట్టుకున్నాడు.

పాప టెన్షన్‌తో మాట్లాడటం మానేసింది. ఫోన్ వెనకాల జ్యోతి యర్రాజి ఫోటో పెట్టుకుని ఉంటుంది, అది చూసి ఈ అమ్మాయి ఎవరు పాపా అని అన్న అడిగాడు. అంతే, మా పాప గొంతు విప్పింది. వైజాగ్ అమ్మాయని, వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డు అని, 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ బంగారు పతకం కొట్టిందని, చంద్రగిరి దాకా చెబుతూనే ఉంది. ఆయన ఊ కొడుతూనే బండి 70 దాటించలేదు. ఆరున్నరకి ఒక చోట ఆపితే పాప రెండు ఇడ్లీ తింది. ఏడుకి పది నిమిషాలు ఉండగానే గ్రౌండ్ దగ్గర దిగాం, బస్టాండ్ వైపు రద్దీలోకి పోనే లేదు.

ఇక్కణ్నుంచి అసలు విషయం. మీట్‌లకి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి తెలుసు, కాగితం మీద రాసిన టైమ్‌కి రేసు జరగదు. పాప హీట్, అంటే ఫైనల్‌కి ముందు జరిగే రౌండ్, తొమ్మిదిన్నరకి అన్నారు, జరిగింది 11:40కి. మైక్‌లో ఫస్ట్ కాల్, సెకండ్ కాల్, ఫైనల్ కాల్ అని పిలుస్తారు, అప్పటికి రిపోర్ట్ చేయకపోతే పేరు కొట్టేస్తారు, కాబట్టి ఎక్కడికీ పోలేం. ఫైనల్ సాయంత్రం నాలుగున్నరకి. మధ్యలో దాదాపు ఐదు గంటలు ఆ పిల్ల ఎక్కడ పడుకోవాలి? గ్రౌండ్‌లో టెంట్ కింద వంద మంది ఉన్నారు.

అన్న ఒక నిద్రగన్నేరు చెట్టు కింద బండి పెట్టి, వెనక సీట్లు మడిచి, మా దుప్పటి పరిచి, రెండు వైపులా అద్దాలకి తువ్వాళ్ళు కట్టాడు. పాప కాళ్ళు పైకి ఆనించి గంటన్నర నిద్రపోయింది. నీడ జరిగినప్పుడల్లా ఆయన కూడా బండి జరిపాడు, నేను చూస్తుండగానే మూడుసార్లు, అదీ పిల్ల లేవకుండా, ఎవరో నిద్రపోతున్న ఉయ్యాల లాగినట్టు మెల్లగా. తర్వాత ఎండలో నడుచుకుంటూ పోయి అరటిపండ్లు తెచ్చి "రేసుకి గంట ముందు తినిపించండి అక్కా, ఇప్పుడు కాదు" అన్నాడు. ఆయన కూతురు కబడ్డీ ఆడుతుందంట, అప్పుడు తెలిసింది.

హీట్‌లో పాప రెండోది. 800లో మొదటి మలుపు దాకానే ఎవరి లేన్ వాళ్ళది, అది దాటగానే అందరూ లోపలికి దూసుకొస్తారు. ఫైనల్‌లో అక్కడే మా పాప ఇద్దరి మధ్య ఇరుక్కుపోయింది, చివరి 200లో బయటి నుంచి వచ్చి ఐదో స్థానంలో ముగించింది. 2 నిమిషాల 31 సెకన్లు, తన పాత టైమ్ కంటే మూడు సెకన్లు తక్కువ. మా అత్తమ్మకి సెకన్ల లెక్క తెలియదు, "మనకి వెనక ఎంతమంది ఉన్నారు" అని మాత్రం అడిగింది. ముగ్గురన్నాం. ఆమెకి అదే పండగ.

బండి సంగతి. ఇంజన్ బాగుంది, టైర్లు కొత్తవి, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ వెనక వరసకి గాలి పంపే రూఫ్ బ్లోయర్ పని చేయలేదు. వచ్చేటప్పుడు అక్కడ కూర్చున్న చిన్నోడికి కడుపులో తిప్పి రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. బుక్ చేసేటప్పుడు అడిగితే అన్నీ ఓకే అన్నారు. ఓకే కాదు. పిల్లలు, పెద్దవాళ్ళు కూర్చునేది ఆ వరసలోనే కాబట్టి బయల్దేరే ముందు అక్కడ చెయ్యి పెట్టి గాలి చూసుకోండి.

ఇక బిల్లు. 4:45కి ఎక్కాం, రాత్రి 9:15కి దిగాం, పదహారున్నర గంటలు. ఆఫీసు వాళ్ళు 4:15 నుంచి 9:45 దాకా పదిహేడున్నర వేశారు. అదేంటంటే షెడ్ టు షెడ్, అంటే బండి షెడ్‌లోంచి బయల్దేరినప్పటి నుంచి మళ్ళీ షెడ్‌కి చేరేదాకా లెక్క అన్నారు. ఆ మాట ఫోన్‌లో ఒక్కసారి కూడా చెప్పలేదు. తిరిగింది 178 కిలోమీటర్లు, అంటే డబ్బు కట్టిన దాంట్లో 72 కిలోమీటర్లు మిగిలిపోయాయి, గంటలకి మాత్రం అదనంగా 1,100. మా ఆయన గట్టిగా మాట్లాడితే ఒక గంట తీసేశారు. బత్తా, 50 రూపాయల పార్కింగ్ కలిపి 5,150 అయింది. డబ్బుకి బాధ లేదు, పాప పడుకున్న ఆ గంటన్నరకే నేను సంతోషంగా ఇస్తాను. చెప్పకుండా వేసినందుకే కోపం. మీట్ అంటే దూరం తక్కువ, వెయిటింగ్ ఎక్కువ, కిలోమీటర్లు తగ్గించి గంటలు పెంచిన ప్యాకేజీ అడగండి, లెక్క ఇంటి దగ్గర మొదలా షెడ్ దగ్గర మొదలా తేల్చుకోండి. అడిగితే ఇస్తారు.

మర్నాడు పొద్దున అన్న ఫోన్ చేశాడు. సీటు కింద పాప చెస్ట్ నంబర్ దొరికిందంట, నాలుగు పిన్నీసులతో సహా. డ్యూటీకి పోతూ దారిలో ఇంటికొచ్చి ఇచ్చి పోయాడు. వచ్చే నెల మీట్‌కి మళ్ళీ ఆయన్నే అడిగాం. ఈసారి ఆఫీసు వాళ్ళు వాట్సాప్‌లో రాసి పంపారు: 16 గంటలు, 180 కిలోమీటర్లు, 4,400, లెక్క మా గేటు నుంచి మా గేటు దాకా. బ్లోయర్ కూడా బాగు చేయిస్తామన్నారు.